పాత ఇల్లు కొనేవాళ్లు ముందు గడప చూడండి, పాత రంగులో సీసం ఉండొచ్చు

పోయిన మాఘమాసంలో రాజోలు వైపు ఒక పాత మండువా ఇల్లు కొన్నాం. మేం చూడ్డానికి వెళ్లేసరికి తలుపులు, కిటికీలు తళతళలాడుతున్నాయి. గడపలకి పసుపుపచ్చ ఎనామిల్, దాని మీద ఎర్ర బొట్లు. మా అత్తగారు ముచ్చటపడిపోయారు. అమ్మకానికి పెట్టాకే పైపైన ఒక కోటింగు లాగించేశారని తర్వాత తెలిసింది.

మన కోనసీమ చెమ్మ సంగతి తెలిసిందే కదా. నాలుగు వానలు పడేసరికి చెక్క ఉబ్బింది. కిటికీ రెక్క మూసినప్పుడల్లా చట్రానికి రాసుకుని సన్నటి పొడి రాలేది. గడప మీద రంగు వేసవిలో వరిచేనులా బీటలిచ్చి పెచ్చులు లేచింది. ఒక పెచ్చు తిప్పి చూస్తే పైన పసుపు, కింద ఆకుపచ్చ, అడుగున నారింజ. మా ఏడాదిన్నర పాప ఆ గడప పట్టుకునే లేచి నిలబడేది. ఆ చేతులే నోట్లో పెట్టుకునేది.

అసలు తప్పు మాదే. పెయింటర్ని పిలిచి, మేం ఇంట్లో ఉండగానే ఉప్పుకాగితంతో పొడిగా రుద్దించాం. మూడు రోజులు మంచాల మీద, బియ్యం డబ్బా మూత మీద దుమ్మే. తర్వాత పాప అన్నం ముట్టడం లేదని కాకినాడ తీసుకెళ్తే, డాక్టరుగారు ఇంటి సంగతులన్నీ అడిగి రక్తంలో సీసం పరీక్ష రాశారు. ఎక్కువే ఉందని తేలింది. అసలు ఏ కాస్త ఉన్నా పిల్లల మెదడుకి మంచిది కాదట, చాలామందిలో పైకి ఏ లక్షణమూ కనిపించదట.

పసుపు, నారింజ రంగుల కోసం ఎనామిల్లో సీసం ఉండే లెడ్ క్రోమేట్ వాడేవారు. 2017 నవంబరు నుంచి ఇంటి రంగుల్లో సీసం 10 లక్షల పాళ్లకి 90 పాళ్లు మించకూడదని మన దేశంలో నిబంధన. సరే, అంతకుముందు వేసిన పొరలు ఎక్కడికి పోతాయి? అవి గట్టిగా పట్టి ఉన్నంతకాలం పెద్ద భయం లేదు. పెచ్చులు లేచినా, రాపిడికి పొడి రాలినా, పిల్లల నోటికి అందినా అప్పుడు ప్రమాదం.

అందుకే కొనేముందు కిటికీలు నాలుగుసార్లు తీసి మూసి, చట్రం తడిగుడ్డతో తుడిచి చూడండి. కొత్త రంగు వాసన వస్తే కింద ఏముందని అడగండి. అనుమానముంటే ఒక పెచ్చు ల్యాబుకి పంపండి. గీకించక తప్పకపోతే తడిపి గీకించండి, మంట పెట్టి కాల్చనివ్వకండి. పని అయ్యేదాకా పిల్లలు, గర్భిణులు అక్కడ ఉండకూడదు. తర్వాత చీపురు కాదు, తడిగుడ్డే.

పాపకి మళ్లీ మళ్లీ పరీక్షలు చేయిస్తున్నాం, అంకె తగ్గుతోంది. గడప మార్పించేశాం, దానికి రంగు వెయ్యలేదు. అత్తగారు శుక్రవారాలు పసుపు రాస్తున్నారు. విడిగా అమ్మే పసుపులోనూ ఇదే లెడ్ క్రోమేట్ కలుపుతారని విన్నాక, మా కొబ్బరితోటలో పండిన కొమ్ములే ఆడించుకుంటున్నాం.