చెవి కోసం పుట్టిన ఆటా, చెవికి ఒదిగిన ఆటా?

చూపులేని ఆటగాళ్లకు నా మొదటి సలహా పూర్తిగా శబ్దాలతోనే సాగే ఆడియో గేమే. దానికి తెరతో పనే లేదు. ఎడమ చెవిలో అడుగుల చప్పుడు దగ్గరవుతుంటే అటు తిరిగి కొట్టాలి. హెడ్‌ఫోన్లు తారుమారుగా పెట్టుకున్నారో, చావు ఖాయం! తయారుచేసేది చాలాసార్లు ఒక్కరే, కొన్నిసార్లు ఆ మనిషికీ చూపుండదు. అందుకే లోపం చెబితే నేరుగా చేరుతుంది. తయారుచేసే మనిషి విసిగి మానేస్తే మాత్రం ఆటా అక్కడితో ఆగిపోతుంది.

చెవికి ఒదిగినవంటే పెద్ద సంస్థల వీడియో గేములు. వాటిలో కథ, హంగు ఎక్కువ. 2020లో వచ్చిన ‘ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’లో వైకల్యం ఉన్నవాళ్లూ ఆడేందుకు వీలుగా 60కి పైగా సౌలభ్య అమరికలున్నాయి, దారి చూపే అమరికను ఎంచుకుంటే, బటన్ నొక్కగానే వెళ్లాల్సిన వైపు తిప్పుతుంది. చూపులేని సలహాదారును తయారీ దశలోనే పిలిచి అడిగిన ఫలితమది. 2023 నాటి కార్ల పందెం ఆట ‘ఫోర్జా మోటార్‌స్పోర్ట్’ అయితే మలుపులను శబ్దాలతోనే చెబుతుంది. ఇలాంటివి ఇంకా అరుదే.