నాలుగు యూరోల క్రియల పుస్తకం, అందులో 'లిదెరార్' పేజీ

లిస్బన్‌లో మంగళ, శనివారాల్లో 'ఫెయిర ద లాద్ర' సంత జరుగుతుంది. అక్కడ నేల మీద దుప్పటి పరిచి అమ్ముతుంటే దొరికింది ఈ పోర్చుగీసు క్రియల పుస్తకం. ఐదు చెప్పాడు, నాలుగు యూరోలకిచ్చాడు. బ్రెజిల్ అచ్చు, అట్ట మీద కాఫీ మరక. తిట్టబోతున్నాను కాబట్టి పేరు చెప్పను.

టెస్టింగ్ టీమ్‌కి లీడ్‌ని కదా, ముందు తీసింది 'లిదెరార్' పేజీనే. ఇంగ్లీషు లీడర్‌ని 'లీదెర్' చేసుకుని, దానికి 'ఆర్' తగిలించిన క్రియ. నాయకత్వం వహించడం, ముందుండి నడపడం అని అర్థం. ఆటల పట్టికలో పైన ఉన్నా ఇదే మాట: 'బెన్ఫికా లిదేర ఉ కంపియునాతు', అంటే లిస్బన్ ఫుట్‌బాల్ జట్టు బెన్ఫికా లీగులో ముందుంది అని. అక్కడ ఎవర్నీ నడిపించక్కర్లేదు, పాయింట్లుంటే చాలు. ఈ సంగతి పుస్తకంలో లేదు. రూపాలు మాత్రం పేజీ నిండా! 'ఫలార్' (మాట్లాడటం) లాగే నడుస్తుందని ఒక్క లైను రాస్తే సరిపోయేది.

అసలు దెబ్బ మీటింగులో తగిలింది. మనసులో 'జట్టుకు నాయకత్వం' అనుకుని, ఆ 'కు'ని కూడా మోసుకెళ్లి 'లిదెరార్ ఆ ఎకీప' అన్నాను. పక్క సీటావిడ మెల్లగా 'అ ఎకీప' అంది. దీర్ఘం తీస్తే మన 'కు' చేరినట్టు, హ్రస్వమైతే ఉత్త ఆర్టికల్. లిదెరార్‌కి 'కు' పనిలేదు, జట్టుని నేరుగా పట్టుకుంటుంది. ఏ క్రియ పక్కన ఏముంటుందో చెప్పకుండా క్రియల పుస్తకం ఎందుకండీ?

రెండో దెబ్బా దీర్ఘానిదే. ఇక్కడ 'లిదెరముష్' అంటే నడుపుతున్నాం, 'లిదెరాముష్' అంటే నడిపాం. రాసేటప్పుడు రెండోదాంట్లో 'ఆ' మీద చిన్న గీత పెడతారు. బ్రెజిల్ వాళ్లు పెట్టరు, అందుకే నా పుస్తకంలో రెండు గళ్లలోనూ ఒకటే మాట. అలాగే గీత లేకుండా మెయిల్ పెట్టాను. పోయిన నెలలో ముగించిన పనికి మా మేనేజరు 'ఎప్పటికవుతుంది' అని అడిగాడు.

మెచ్చుకోవాల్సింది చివరి జాబితా. 'షెఫియార్' అంటే ఒక విభాగానికి అధిపతిగా ఉండటం. 'ఎంకబెసార్'లో 'కబేస' ఉంది, అంటే తల. జాబితాకి తలగా ఉండటమన్నమాట. మన మేస్త్రి వీళ్ల 'మెష్త్ర' నుంచి వచ్చినవాడే కదా, ఆయనకీ ఓ క్రియ ఉంటుందేమోనని వెతికాను. 'అమెష్త్రార్' దొరికింది. జంతువుల్ని మాలిమి చేయడమట! టీమ్‌లో చెప్పలేదు.

బ్రెజిల్‌లో సావొ పావ్లొ వెళ్లేవాళ్లయితే కొనుక్కోండి. లిస్బన్‌లో ఉండేవాళ్లు కొంటే పక్కన పెన్సిల్ పెట్టుకోండి, గీతలు మీరే గీసుకోవాలి.