ఏటా వచ్చే పనికి క్యాలెండర్‌లో ఏ రిపీట్ మేలు?

బీమా రెన్యువల్ తేదీని క్యాలెండర్‌లో ఎక్కించి, రిపీట్ దగ్గర ‘ఏటా’ నొక్కి, ఇక గుర్తుపెట్టుకునే బాధ తప్పిందనుకున్నాను. రిమైండర్ మోగింది, సరిగ్గా గడువు రోజు పొద్దున్నే. కావాల్సిన కాగితం ఒకటి చేతికి రావడానికే వారం పట్టింది. తప్పు క్యాలెండర్‌ది కాదు. అన్నిటికీ ఒకే ‘ఏటా’ సరిపోతుందనుకోవడం నాది.

ముందు పుట్టినరోజుల సంగతి. వీటికి దారులు రెండు: కాంటాక్ట్స్‌లో ఆ మనిషి పేరు కింద తేదీ రాయడం, లేదా క్యాలెండర్‌లో విడిగా ఈవెంట్ పెట్టడం. మొదటిది తేలిక, క్యాలెండర్ దాన్ని తనంతట తానే లాక్కుంటుంది. కానీ పాత నంబర్లు ఏరేసేటప్పుడు ఆ కాంటాక్ట్ పోతే పుట్టినరోజూ దాంతోపాటే పోతుంది. రెండు చోట్లా పెడితే ఒకే మనిషికి రెండు పుట్టినరోజులు! నా ఓటు విడి ఈవెంట్‌కే. పేరు పక్కన పుట్టిన సంవత్సరం కూడా రాసుకుంటే ఎన్నో ఏడో లెక్క తేలిపోతుంది. టైమ్ లేకుండా రోజంతటికీ వర్తించే ‘ఆల్ డే’ ఎంపిక మాత్రం మరవకండి. రాత్రి 12 గంటలకు అని టైమ్ పెడితే అది టైమ్ జోన్‌కు ముడిపడుతుంది. వేరే దేశం వెళ్లినప్పుడు ముందు రోజులో కనపడినా ఆశ్చర్యం లేదు.

ఫిబ్రవరి 29న పుట్టినవాళ్లది వేరే కథ. క్యాలెండర్ యాప్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 5545, 2009 నాటిది. లేని తేదీ వస్తే దాన్ని వదిలేయమంటుంది. అంటే 2024 తర్వాత మళ్లీ 2028లోనే. 2100 లీపు సంవత్సరం కాదు కాబట్టి 2096 తర్వాత ఏకంగా 2104. లేని తేదీని ముందు రోజుకో మర్నాటికో జరిపే వీలు 2015లో ఆర్‌ఎఫ్‌సీ 7529తో వచ్చింది కానీ, నేను వాడిన యాప్‌లలో ఆ బటన్ కంటపడలేదు. ఫిబ్రవరి 28కో మార్చి 1కో పెట్టేసి, అసలు తేదీని పేరులో రాసుకోవడమే నయం.

తేదీతో కాక వారంతో నడిచేవి ఇంకో రకం: ఏటా ఫలానా నెల రెండో శనివారం జరిగే పాత విద్యార్థుల కలయిక లాంటివి. అవుట్‌లుక్‌లో ‘ఏటా’ కిందే ఈ ఎంపిక ఉంటుంది. గూగుల్ క్యాలెండర్‌లో ‘ఏటా’ అంటే తేదీయే. అందుకని అక్కడ చుట్టు దారి పట్టాలి: కస్టమ్‌లోకి వెళ్లి ‘12 నెలలకోసారి’ అని పెట్టి, ‘రెండో శనివారం’ ఎంచుకోవాలి. చూడ్డానికి వింతగా ఉన్నా బాగా పనిచేస్తుంది. కొందరు 52 వారాలకోసారి అని పెడతారు, అది వద్దు. 52 వారాలంటే 364 రోజులే. ఏడాదికో రోజు, లీపు వస్తే రెండు రోజులు వెనక్కి జరుగుతూ అయిదారేళ్లలో వారం తేడా వచ్చేస్తుంది. ఇంకో మెలిక: ‘నాలుగో శనివారం’, ‘చివరి శనివారం’ ఒకటి కావు. కొన్ని నెలల్లో అయిదు ఉంటాయి.

క్యాలెండర్ అస్సలు పనికిరాని రకం ఒకటుంది. నీళ్ల ఫిల్టర్ మార్చడమే తీసుకోండి. జనవరిలో మార్చాల్సింది మార్చిలో మారిస్తే, వచ్చేసారి మార్చిలోనే మార్చాలి కదా. క్యాలెండర్ మాత్రం జనవరినే పట్టుకు కూర్చుంటుంది. ఇలాంటివాటికి చేయాల్సిన పనుల జాబితా రాసుకునే టాస్క్ యాప్ మేలు. అలాంటిదే అయిన టోడోయిస్ట్‌లో ఇంగ్లిష్‌లో ‘ఎవ్రీ ఇయర్’ అని రాస్తే అనుకున్న తేదీ నుంచి లెక్క. ‘ఎవ్రీ’ పక్కన ఆశ్చర్యార్థకం పెడితే పని పూర్తిచేసిన రోజు నుంచి లెక్క. ఆ ఒక్క గుర్తు తెలిశాక ఇంటి మరమ్మతులన్నీ క్యాలెండర్‌లోంచి అక్కడికి మార్చేశాను.

ఇక బీమా. అది తేదీతో నడిచేదే కాబట్టి మామూలు ‘ఏటా’ చాలు, చూసుకోవాల్సింది రిమైండర్‌నే. గూగుల్‌లో నోటిఫికేషన్ ఎంత ముందుకు జరిపినా నాలుగు వారాలే హద్దు. నాలాంటివాడికి అది చాలదు. అందుకే ఇప్పుడు ఒకదానికి రెండు ఈవెంట్లు పెడుతున్నాను. ఒకటి గడువు రోజున, రెండోది రెండు నెలల ముందు. ఆ రెండోదాని పేరు ‘బీమా రెన్యువల్’ కాదు, ‘బీమా కాగితాలు వెతుకు’.