కారు పెయింట్ పాలిషింగ్ నేర్చుకోడానికి డీఏ మెషీనా, రోటరీనా?

ట్రైనింగ్ బ్యాచ్‌లో కొత్తవాళ్ల చేతికి ముందు డీఏ (డ్యూయల్ యాక్షన్) మెషీనే ఇవ్వాలి. ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి వేడి ఒకేచోట పేరుకోదు. కాకపోతే గట్టిగా నొక్కితే తిరగడం ఆగి ఊరికే వణుకుతుంది, గీతలు పోవు. ప్యాడ్ అతికించే బ్యాకింగ్ ప్లేట్ అంచున మార్కర్‌తో గీత పెడితే తిరుగుతోందో లేదో కంటికే తెలుస్తుంది.

ఊగకుండా గుండ్రంగా మాత్రమే తిరిగే రోటరీ లోతైన గీతల్ని తొందరగా కోస్తుంది. కానీ బానెట్ మడతల మీద కాస్త ఎక్కువసేపు నిలిపితే రంగు మీదుండే పారదర్శక పొర, అంటే క్లియర్‌కోట్, కాలి కింది రంగు బయటపడుతుంది. ఆ పొర సాధారణంగా 40–50 మైక్రాన్లే మరి. అందుకే స్క్రాప్ బానెట్ మీదే నేర్పాలి. ఎండలో మెరిసే హోలోగ్రాములూ (పాలిషింగ్ వదిలే సన్నటి గీతల జాడలు) ఎక్కువగా దీని పుణ్యమే.

ఏ మెషీనైనా, రెండడుగుల చదరానికి శనగగింజంత కాంపౌండ్ (పాలిషింగ్ పేస్ట్) చుక్కలు నాలుగు చాలు. చివర్లో ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) తుడిచే చూడాలి, లేదంటే పాలిష్‌లోని నూనె గీతల్ని దాచేస్తుంది.