రైజోబియం ప్యాకెట్లు కొంటున్నారా? విత్తే ముందు ఇది చదవండి

ఈ సీజనులో సోయాచిక్కుడు విత్తనానికి పట్టించడానికి మేము కొన్న రైజోబియం జీవన ఎరువులో బతికున్న సూక్ష్మజీవులు దాదాపు లేవు. రైజోబియం అంటే పప్పుజాతి మొక్కల వేళ్లకు బుడిపెలు కట్టి, వాటిలో ఉంటూ గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే (స్థిరీకరించే) బాక్టీరియా. మిగిలిన ప్యాకెట్‌ను విప్పకుండా ప్రయోగశాలకు పంపితే తేలిన సంగతి ఇది. ఆ సరుకు ఇంకా అమ్ముతూనే ఉన్నారు.

మాకు అనుమానం చేనులోనే మొదలైంది. అక్కడ ఇంతకు ముందు సోయాచిక్కుడు ఎన్నడూ వేయలేదు. అలాంటి నేలలో ఆ పంటకు సరిపడే బాక్టీరియా సాధారణంగా ఉండదు, విత్తనంతో పాటు మనమే అందించాలి. అందుకే పోల్చి చూడడానికి ఏమీ పట్టించని విత్తనం కూడా రెండు సాళ్లు వేశాం. పూత సమయానికి ఆకులు అంతటా ఒకేలా పాలిపోయాయి. మొక్కలను మట్టిగడ్డతో సహా తవ్వి తీసి, వేళ్లను నీళ్లలో మెల్లగా కడిగాం (పీకితే బుడిపెలు తెగి మట్టిలోనే ఉండిపోతాయి). పట్టించని మొక్కలకు బుడిపెలు లేవు. పట్టించిన వాటికీ దాదాపు లేవు. అరకొరగా కనిపించిన ఒకటి రెండింటిని గోటితో చీలిస్తే లోపల తెల్లగా ఉంది. నత్రజనిని స్థిరీకరిస్తున్న బుడిపె లోపల గులాబీ రంగులో ఉండాలి. బుడిపెలో ఉండే లెగ్‌హిమోగ్లోబిన్ అనే ప్రోటీన్ వల్ల వచ్చే రంగు అది.

అమ్మినవారిని నిలదీస్తే తప్పు మా నేల మీదికి నెట్టారు. ఆ వెంటనే సూక్ష్మజీవుల ద్రావణమంటూ ఒక సీసా చేతిలో పెట్టి, ఆకుల మీద చల్లితే మూడు రోజుల్లో పచ్చబడుతుందన్నారు. దయచేసి ఈ మాట నమ్మకండి. రైజోబియం వేరులోకి చేరి, బుడిపె కట్టి, పని మొదలుపెట్టడానికి వారాలు పడుతుంది. చల్లిన మూడో రోజుకే పచ్చదనం వచ్చిందంటే అందులో యూరియా లాంటిదేదో కలిపారని అనుమానించాలి. ధర సూక్ష్మజీవులది, పని యూరియాది!

మా ప్యాకెట్ మీద ‘మిత్ర సూక్ష్మజీవులు, అన్ని పంటలకూ’ అని మాత్రమే ఉంది. అన్ని పంటలకూ పనికొచ్చే రైజోబియం అంటూ ఉండదు. సోయాచిక్కుడుకు సరిపోయే బ్రాడీరైజోబియం జపానికం శనగ వేళ్లకు బుడిపెలు కట్టదు. ఏ జీవి, ఏ పంటకు, గ్రాముకు ఎన్ని సజీవ కణాలు (మంచి సరుకులో ఇవి కోట్లలో ఉంటాయి), ఎప్పుడు తయారైంది, ఎప్పటిలోగా వాడాలి, బ్యాచ్ సంఖ్య ఎంత అన్నవి ముద్రించి లేకపోతే ప్యాకెట్ ముట్టుకోవద్దు. తేదీలు సరిగ్గా ఉన్నా, ఎక్కడ నిల్వ ఉంచారో చూడండి. ఎండ తగిలే అరలోనో, వేడెక్కే రేకుల గదిలోనో పడి ఉన్న సరుకులో సూక్ష్మజీవులు గడువు తీరకముందే చచ్చిపోతాయి. శిలీంద్రనాశినితో కలిపి అమ్మే ప్యాకెట్ సంగతి ఇక చెప్పనక్కరలేదు.

ఇది జీవన ఎరువుల మీద ఫిర్యాదు కాదు. 1888లోనే డచ్ శాస్త్రవేత్త మార్టినస్ బైజరింక్ వేరు బుడిపెల్లోంచి ఈ బాక్టీరియాను వేరుచేసి చూపాడు. బతికున్న సరుకు వేస్తే అది పనిచేస్తుంది. చచ్చిన పొడిని ఆ పేరుతో అమ్మేవాళ్ల మీదే నా కోపమంతా. పోయిన అదను డబ్బుతో తిరిగి రాదు.

ఇలాంటి ప్యాకెట్లు ఇప్పటికే కొని ఉంటే అన్నీ విప్పకండి. ఒకటి రసీదుతో సహా చల్లని నీడలో దాచి, సజీవ కణాల లెక్కింపు చేసే ప్రయోగశాలకు పంపండి. మామూలుగా సూక్ష్మదర్శినిలో చూసి ‘ఉన్నాయి’ అంటే ఒప్పుకోవద్దు, అందులో చచ్చినవీ కనిపిస్తాయి.