రెండున్నరేళ్లుగా వాడుతున్న పాత నికాన్ డీ90

ఈ కెమెరాను నేను కొన్నది లోపలున్న, లెన్స్‌ను తిప్పి ఫోకస్ చేసే మోటార్ కోసం. 2008లో వచ్చిన కెమెరా, 12 మెగాపిక్సెళ్లు, వీడియో తీసిన మొదటి డీఎస్ఎల్ఆర్ ఇదే... ఇవన్నీ అందరికీ తెలిసిన ముచ్చట్లే. హన్మకొండలో ఒకాయన దగ్గర లెన్స్ లేకుండా బాడీ ఒక్కటే 11,000కు తీసుకున్నాను. "22 వేల ఫొటోలు కూడా దాటలేదన్నా" అన్నాడు. ఇంటికొచ్చి చూస్తే షట్టర్ కౌంట్, అంటే అప్పటిదాకా తీసిన ఫొటోల లెక్క, 61 వేలు. లక్ష దాకా పరీక్షించిన షట్టర్ కదా అని ఊరుకున్నాను.

లెన్స్ ఊడదీసి, అది బిగించే మౌంట్ అంచున చూడండి. స్క్రూడ్రైవర్ మొనలాంటి చిన్న ముక్క పొడుచుకొని ఉంటుంది. సొంత మోటార్ లేని పాత లెన్స్ పెడితే అదే తిప్పి ఫోకస్ చేస్తుంది. డీ3000, డీ5000 వరుస కెమెరాల్లో ఇది లేదు, చేత్తో తిప్పుకోవాల్సిందే. అందుకే 4,500కు పాత 50 ఎంఎం 1.8డీ లెన్స్ దొరికితే కళ్లకద్దుకొని తెచ్చుకున్నాను. బటన్ సగం నొక్కగానే గర్ర్‌మని తిరిగి టక్కున ఆగుతుంది. ఆ చప్పుడు కోసమే ఊరికే గోడకు గురిపెట్టి నొక్కిన రోజులున్నాయి.

మొదటి ఏడాది ఎంగిలిపూల బతుకమ్మ నాడు వేయిస్తంభాల గుడికి పోయాం. మా ఆవిడ, బిడ్డ బతుకమ్మను దించి ఆట మొదలుపెట్టారు. పొద్దు గుంకుతోంది, తంగేడు పూల మీద మంచి వెలుగు. బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. పైనున్న చిన్న తెరలో ఎఫ్, ఈ, ఈ అని మూడు అక్షరాలు మిణుకుమంటున్నాయి. 'ఫీ' అట! 11,000 కట్టింది చాలక ఇంకా ఫీజేంది? బ్యాటరీ తీసి పెట్టాను, కార్డు మార్చాను, లెన్స్ విప్పి ఊదాను. ఏం లాభం లేదు. అమ్మినాయన ఫోన్ ఎత్తలేదు. చివరికి సెల్‌ఫోన్‌తోనే తీశాను. పైగా మా ఆవిడ "ఇది ముందే తీస్తే అయిపోయేది కదా" అంది.

తెల్లారి, ఒకప్పుడు స్టూడియో నడిపిన పెద్దాయన దగ్గరికి పోయాను. ఇప్పుడు కొడుకు ఫ్లెక్సీల షాపులో కూర్చుంటున్నాడు. కళ్లద్దాలు పైకి నెట్టి లెన్స్ చూసి, దాని మొదట్లో ఉన్న రింగును 22 అంకె దాకా తిప్పి, పక్కనున్న చిన్న లాక్ జరిపాడు. "గింతదానికే పరేషాన్ అయినవా బిడ్డా?" ఫిల్మ్ కెమెరాల కాలంలో అపర్చర్‌ను, అంటే లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రాన్ని, ఆ రింగుతోనే మార్చేవారట. ఇప్పుడు ఆ పని బాడీ చూసుకుంటుంది కాబట్టి రింగు 22 దగ్గరే ఉండాలి, లేకపోతే ఫొటో తియ్యదు. ముందు రోజు మా అన్న కొడుకు లెన్స్‌తో ఆడుకున్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. "ఫీజెంత కాకా?" అంటే "చాయ్ తాపియ్" అన్నాడు.

మోటార్‌ను అంత పొగిడాను గానీ, చీకటి పడితే అది ముందుకీ వెనక్కీ తిరుగుతూనే ఉంటుంది, ఫోకస్ పాయింట్లలో నడిమిది ఒక్కటే కాస్త నమ్మకం. పెళ్లి మంత్రాల మధ్యలో ఆ గర్ర్ చప్పుడుకు పంతులు ఒకసారి తల తిప్పి చూశాడు. ఇందులో సెన్సర్ చిన్నది కాబట్టి 50 ఎంఎం లెన్స్ 75లా, ఇంకా దగ్గరగా చూపిస్తుంది, మా ఇంటి హాల్లో నలుగురిని ఫ్రేములో పట్టాలంటే నేను వంటింట్లోకి పోవాలి. చీకట్లో వెలుగు పెంచుకునే ఐఎస్ఓ 1600 దాటితే ఫొటో మీద నూకలు చల్లినట్టే. 64 జీబీ కార్డు పెట్టుకోవద్దు, ఇది 32 దాకా వచ్చే పాత రకం కార్డుల కాలం నాటిది.

కొనొచ్చా అంటే, నాకు ఆదివారాలు తప్ప తీరిక లేదు, ఫొటోలతో సంపాదన లేదు, పైగా నడిచిపోయేంత దూరంలో ఆ స్టూడియో కాకా ఉన్నాడు. నాలాంటి పరిస్థితి లేనివాళ్లకు గట్టిగా చెప్పలేను. పెళ్లిళ్లు తీసేవాళ్లకైతే వద్దనే అంటాను. నేను మాత్రం అమ్మను. అన్న కొడుకు ఇంకా సెలవులకు వస్తూనే ఉంటాడు, అందుకని లెన్స్ రింగు లాక్ మీద సెల్లోటేపు కూడా అంటించాను.