ఖైరున్నీసా కథ వెంట హైదరాబాద్‌లో: కోఠి రెసిడెన్సీ, రేమండ్ సమాధి, మీరాలం చెరువు

హైదరాబాద్ వచ్చినవాళ్ళు చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్ చూసి వెళ్ళిపోతారు. ఈసారి మా పిన్నీ నేనూ అవేవీ పెట్టుకోకుండా ఒక నవాబుల ఇంటి కథ పట్టుకుని తిరిగాం.

కథ 1798 నాటిది. టిప్పు మీద యుద్ధం తప్పదని అందరికీ తెలిసిపోయిన రోజులు. సెప్టెంబరులో నిజాం ఇంగ్లీషువాళ్ళతో ఒప్పందం చేసుకున్నాడు, అక్టోబరులో నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి పటాలం చేత ఆయుధాలు కింద పెట్టించారు. ఆ పని నడిపించింది బ్రిటిష్ రెసిడెంటు, అంటే నిజాం దర్బారులో ఇంగ్లీషువాళ్ళ ప్రతినిధి, జేమ్స్ కిర్క్‌పాట్రిక్. సరిగ్గా ఆ తర్వాతే, జాగీర్లున్న వంశంలో పుట్టి, వేరే సంబంధం ఖాయమైపోయిన ఖైరున్నీసాతో అతనికి ప్రేమ కలిసింది. తాత బాకర్ అలీ ఖాన్‌కు తెలియకుండా ఇంట్లో ఆడవాళ్ళే, ముఖ్యంగా తల్లి షరఫున్నీసా, దాన్ని ముందుకు నడిపారు. అతను ఇస్లాంలోకి మారి రహస్యంగా నిఖా చేసుకున్నాడు, గవర్నర్ జనరల్ వెల్లస్లీ దాకా ఫిర్యాదులు వెళ్ళి విచారణ కూడా జరిగింది. అప్పటికి ఆమెకు పద్నాలుగు, పదిహేనేళ్ళు ఉంటాయంటారు. అందుకే దీన్ని ఉత్త ప్రేమకథగా చెప్పేస్తే నాకు నచ్చదు.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది కిర్క్‌పాట్రిక్ కట్టించిన కోఠి రెసిడెన్సీ. అదిప్పుడు మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది కాబట్టి, లోపలికి ఏ రోజు, ఏ టైంలో పంపిస్తారో ముందే కనుక్కుని వెళ్ళండి. ఎత్తైన స్తంభాలు, మెట్లకు రెండువైపులా సింహాలు, దర్బారు హాలు, మరమ్మతుల తర్వాత చాలా బాగుంది. మేము ముందువైపే ఫొటోలు తీసుకుని తిరగబోతుంటే అక్కడి సెక్యూరిటీ ఆయన "ఎనక చిన్న బంగ్లా ఉంది మేడం, అది చూడకుండా పోకుండ్రి" అన్నాడు. పరదాలో ఉండే ఖైరున్నీసా ముందువైపుకి వచ్చి చూడడానికి వీల్లేదు కాబట్టి, ఆమె కోసం కిర్క్‌పాట్రిక్ భవనం నమూనా చేయించి జనానా (ఆడవాళ్ళ) తోటలో పెట్టించాడని చెప్తారు. ఆమె ఉన్న రంగ్ మహల్‌ను తర్వాతి రెసిడెంట్ల కాలంలో కూల్చేశారు. పిన్ని అక్కడే ఎక్కువసేపు నిలబడింది. నా ఓటు కూడా దర్బారు హాలుకి కాదు, దీనికే.

నిజాం ఫ్రెంచి పటాలాన్ని తయారుచేసిన ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి మూసారాంబాగ్ వైపు, అస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది. 1798 మార్చిలోనే చనిపోయాడు కాబట్టి తన పటాలం ఆయుధాలు దించడం చూడలేదు. మెట్రో దిగి ఆటోలో వెళ్ళొచ్చు. నీడ లేదు, మంచినీళ్ళు దొరకవు, వివరాలు చెప్పేవాళ్ళు లేరు. చరిత్ర మీద ఇష్టం ఉంటేనే వెళ్ళండి, అదీ ఉదయం పూటే.

మీరాలం చెరువు జూపార్కు పక్కనే. ఖైరున్నీసాకు బంధువైన మీర్ ఆలం శ్రీరంగపట్నం యుద్ధంలో తనకొచ్చిన సొమ్ముతో కట్టించాడని అంటారు. 21 అర్ధచంద్రాకారపు కమానులతో కట్టిన ఆనకట్ట అది, ఇప్పటికీ గట్టిగా నిలబడి ఉంది. ఆ మీర్ ఆలమే, 1805లో కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాక, ఆమెను హైదరాబాద్‌లో అడుగుపెట్టనివ్వలేదు. మా బందరులోనే కొన్నాళ్ళు తలదాచుకుంది. పిల్లలిద్దరినీ తండ్రి బతికుండగానే ఇంగ్లండు పంపేశారు, ఆమె వాళ్ళను మళ్ళీ చూడకుండానే 1813లో కన్నుమూసింది. బందరువాళ్ళమై ఉండి ఈ సంగతి మాకెవ్వరికీ చిన్నప్పుడు తెలియకపోవడం నన్ను చాలా బాధపెట్టింది.

బసకి వస్తే, ఈ తిరుగుడుకి హైటెక్ సిటీలో దిగడం దండగ, సగం రోజు ట్రాఫిక్‌లోనే పోతుంది. కోఠి, ఆబిడ్స్ చుట్టుపక్కలే చూసుకోండి. మేము దిగిన లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది కానీ ఆన్‌లైన్‌లో చూపించిన రేటుకి, కౌంటర్ దగ్గర అడిగిన డబ్బుకి పొంతన లేదు. గట్టిగా వాదిస్తేనే తగ్గించారు, బుకింగ్ స్క్రీన్‌షాట్ దగ్గరుంచుకోండి. గైడు దొరికితే తీసుకోండి, కానీ బేరం కుదిరే ముందే షరఫున్నీసా ఎవరో అడగండి. మేము మాట్లాడినతను కిర్క్‌పాట్రిక్ గురించి గంట చెప్పాడు, ఆ తల్లి పేరు మాత్రం తెలియదన్నాడు. ఇంగ్లండు వెళ్ళిపోయిన మనవరాలి నుంచి ఉత్తరం కోసం దాదాపు నలభై ఏళ్ళు ఎదురుచూసిన మనిషి ఆమె.